పిల్లను అప్పజెప్పే మాట

మా ఆయనకు జాంబియాలో ఉద్యోగం వచ్చిందని తెలిసినప్పుడు మా చుట్టాల్లో ఒక్కరు కూడా అక్కడ ఎండలు ఎట్లా ఉంటాయని అడగలేదు. కడప జిల్లా వాళ్లకు ఎండ గురించి కొత్తగా తెలుసుకోవాల్సింది ఏమీ లేదు. జీతం ఎంతని అడిగినవాళ్లు కూడా తక్కువే, ఎంత చెప్పినా అబద్ధమనుకుంటారు కాబట్టి. అందరూ అడిగింది ఒకటే ప్రశ్న. "అయితే పిల్లోళ్ల చదువు ఎట్లమా?"

ఆయన తుమ్మలపల్లె గనిలో భూమి లోపలికి దిగి పనిచేసే సూపర్‌వైజరు. జాంబియాలో రాగి గనులున్నాయి. అక్కడి కాంట్రాక్టు కంపెనీ ఒకటి ఆయన్ను పిలిచింది. కుటుంబాన్ని తెచ్చుకోవచ్చు, ఇల్లు ఇస్తాం, పిల్లల్ని ఏ ఇంటర్నేషనల్ స్కూల్లో చేర్చినా ఫీజు మేమే కడతాం అన్నారు. ఆ "ఏ స్కూల్లో చేర్చినా" అన్న మాటే మా ఇంట్లో నిప్పు పెట్టింది. ఉన్నది ఒకటే బడి అయ్యుంటే మూటాముల్లె సర్దుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయేవాళ్లం.

నేను పులివెందులలో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పేదాన్ని. బడుల గురించి నాకు తెలిసినంత మా రెండు వంశాల్లో ఎవరికీ తెలియదని నా గట్టి నమ్మకం. పైగా నోరు కొంచెం పెద్దది. ఆయనేమో నెమ్మదైన మనిషే కానీ, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లంటాడు. ఇట్లాంటి ఇద్దరి మధ్య పడి నలిగింది మా పెద్దపిల్ల.

చిన్నవాడితో పేచీ లేదు. రెండో తరగతి. బంతి ఉంటే అది బడి, బంతి లేకపోతే అది జైలు, అంతే వాడి లెక్క. పెద్దదాని సంగతి వేరు. ఎనిమిది పూర్తి చేసి తొమ్మిదిలోకి రాబోతోంది. ఆరో తరగతి నుంచీ కడపలో హాస్టల్ ఉన్న పెద్ద ప్రైవేటు స్కూల్లో ఉంది. క్లాసులో ఎప్పుడూ ముందుండే పిల్ల. మా దగ్గర బాగా చదివే పిల్లను ఇంట్లో ఉంచుకుంటే బంగారాన్ని బూడిదలో పారేసినట్టు చూస్తారు. "ఇంకా ఇంటికాడ్నే పెట్టుకున్యారా?" అని అడుగుతారు, పిల్లకేదో రోగమున్నట్టు. అందుకే ఆరో తరగతి వచ్చిందంటే పెట్టె, బకెట్టు, మగ్గు కొనేస్తాం. మేమూ కొన్నాం. ఆదివారం ఆదివారం ఫోన్లో మాట్లాడేవాళ్లం. "బాగున్నావా?" "బాగున్నా." "తింటాండావా?" "తింటాండా." "ఏమన్నా కావల్నా?" "ఏం వద్దు." వెనక ఫోన్ కోసం వరసలో నిలబడిన పిల్లల గోల వినిపించేది. అంతటితో మాట అయిపోయేది.

హాస్టలంటే నాకు భయం లేదు. నన్ను పెంచిందే హాస్టలు. మాది ఆలూరు వైపు పల్లె, వాన పడితే కొర్రలు, పడకపోతే అప్పులు. వాన లేని ఏడు మా అమ్మానాయనా సుగ్గికి పోయేవాళ్లు, అంటే ఇంటికి తాళం వేసి గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి నెలల తరబడి పోవడం. పిల్లల్ని వెంట తీసుకుపోతే చదువు పోతుంది, వదిలిపెడితే తిండి పోతుంది. అప్పుడు మా చర్చి పాస్టరయ్య పుణ్యమా అని కర్నూలులో మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో చేరాను. మూడు పూటలా తిండి, దుప్పటి, దీపం. నేను ఏడిస్తే మా అమ్మ నన్నే తిట్టింది. "ఊళ్లో దుడ్లు లేవు, గింజల్లేవు. ఆడ నీకు పప్పు కూడు పెడతారు. ఏడుస్తావేమే పిచ్చిదానా?" నిజమే కదా అనిపించింది. ఆ తర్వాత ఏడవలేదు. అందుకే హాస్టల్ అన్న మాట వింటే నా కడుపు నిండినట్టే ఉంటుంది, ఇప్పటికీ.

సరే, జాంబియా. ఇంకా వీసా రాలేదు, మా ఆయన ఇక్కడి పని మానలేదు, అప్పుడే నేను ఫోన్లో బడులు వెతకడం మొదలుపెట్టాను. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని ఆయన ఎగతాళి చేసినా పట్టించుకోలేదు. రెండు బడులు తేలాయి. ఒకటి రాజధానిలో ఉంది. మేముండబోయే గని ఊరి నుంచి అక్కడికి పొద్దున బయలుదేరితే సాయంత్రానికి చేరతారట. అందుకని పిల్లలు అక్కడే హాస్టల్లో ఉంటారు. వాళ్ల ఫోటోల్లో ఈతకొలను ఉంది, గుర్రాలున్నాయి, తెల్లపిల్లలూ నల్లపిల్లలూ కలిసి పచ్చగడ్డిలో బోర్లా పడుకుని పుస్తకాలు చదువుతున్నారు. మా వైపు గడ్డిలో అట్లా పడుకుంటే చదువు సంగతి తర్వాత, ముందు తేలు పలకరిస్తుంది. ప్రపంచ పౌరుల్ని తయారు చేస్తాం అని రాసుకున్నారు. మా పిల్ల ప్రొద్దుటూరికి ఒంటరిగా పోయిరాగలిగితే ముందు అది చాలు అనుకున్నాను. అనుకున్నాను కానీ ఆ ఫోటోలు చూసి మనసు పారేసుకున్నాను. దూరపు కొండలు నునుపు అని తెలిసీ పారేసుకున్నాను.

రెండోది ఆ గని ఊళ్లోనే ఉన్న చిన్న బడి. పేరులో ఇంటర్నేషనల్ అని ఉంది, కప్పు మాత్రం రేకులే. తరగతికి గుప్పెడు పిల్లలు. ఈతకొలను ఫోటో బదులు ఎవరో టీచరు వంకాయ మొక్కకు నీళ్లు పోస్తున్న ఫోటో పెట్టారు. పదో తరగతి దాకా చెబుతారు. చూడగానే, "ఇది చిన్నోనికి సరిపోతుంది" అని పక్కన పెట్టేశాను. పెద్దదాని కోసం రెండోసారి చూడలేదు.

మా ఆయన పట్టు వేరు. "పదో తరగతి అయ్యేదాకా పాపను కడపలోనే ఉండనీ. ఇప్పుడు సిలబస్ మారిస్తే నేర్చుకున్యదంతా గంగపాలు" అంటాడు. నేను ఒప్పుకోలేదు. తమ్ముడు విమానమెక్కి, అక్క కడపలో ఉండిపోతే రేపు ఆ పిల్ల మనల్ని ఏమనుకోవాలి? ఒకే దేశంలో అయినా ఉంటాం, నెలకోసారైనా చూసుకుంటాం, పైగా ఆ బడి ఎంత పెద్దది! వారం రోజులు మా వంటింట్లో కూర మాడుతూనే ఉంది. చివరికి ఆయనే తగ్గాడు. గెలిచానన్న సంతోషంతో పిల్లకు ఫోన్ చేసి, ఆ పెద్ద బడి గురించి ఈతకొలనుతో సహా వర్ణించి, "నీకు ఇష్టమేనా?" అన్నాను.

"మీ ఇష్టం మా" అంది.

కడపలో ఉంటావా అని వాళ్ల నాయన అడిగినప్పుడూ అదే మాట. గుర్రం మీద కూచుంటావా అన్నా, గాడిద మీద కూచుంటావా అన్నా అదే మాట అనేట్టుంది. "నోట్లో నాలుక లేదా నీకు? నాకు పుట్టిన దానివేనా?" అన్నాను విసుగ్గా. నవ్వింది. ఆమెకు నిజంగా ఏం కావాలో నాకు తెలియదన్న సంగతి అప్పుడు తట్టింది గానీ, వరసలో వెనక పిల్ల తొందర పెట్టడంతో ఫోన్ పెట్టేసింది.

ఆ బడివాళ్లు వీడియోలో మాట్లాడాలన్నారు. పిల్లతోనూ, ఇంట్లోవాళ్లతోనూ. అప్పటికి వేసవి సెలవులొచ్చాయి. మేమంతా మైదుకూరు దగ్గర మా మామగారి ఊళ్లో ఉన్నాం. మా అత్త పోయినప్పటి నుంచీ ఆయన ఒక్కడే ఉంటాడు. కొంచెం పసుపు, కొంచెం వరి పండిస్తాడు. వాళ్ల తాతల నాటి చర్చికి ఆయన సంఘ పెద్ద. ఇంటర్వ్యూ అని చెప్పగానే ఆయన పెట్టెలోంచి క్రిస్మస్‌కు కుట్టించుకున్న తెల్లచొక్కా తీసి ఇస్త్రీ చేయించుకొచ్చాడు.

"నువ్వెందుకు నాయనా? పాపతో, మాతో మాట్లాడతారంతే" అన్నాడు మా ఆయన.

"పిల్లను బడికి ఇడిసేటప్పుడు ఇంటి పెద్ద ఉండాలప్పా. నిన్ను బడిలో ఇడిసింది ఎవరు? మీ మేనత్తను ఇడిసింది మా నాయన గాదా? ఫోన్లో అయితే మాత్రం, పెద్దమనిషి లేకుండా అప్పజెప్తే ఏమనుకుంటారు?"

మా వైపు అది పద్ధతే. తల్లిదండ్రులు ఎంత చదువుకున్నా, కొత్త బడిలో వేసే రోజు తాతనో మామనో వెంటబెట్టుకుపోతారు. అయ్యవారి ముందు నిలబడి పిల్లను ముందుకు నెట్టి, అప్పజెప్పే మాట ఒకటి అంటారు. ఆ మాట ఏమిటో నాకూ తెలుసు. అది ఆ రోజు బయటికి వస్తుందని మాత్రం ఊహించలేదు.

ఫోన్‌ను మంచం మీద దిండుకు ఆనించి పెట్టాం. మొదట ఆ బడి ప్రిన్సిపాల్ కనిపించింది, తెల్లజుట్టు, పలకరింపు చల్లగా ఉంది. ఆమె పక్కనే పిల్లల మంచిచెడ్డలు చూసే టీచరమ్మ, జాంబియా ఆవిడ, నిండుగా నవ్వే మనిషి. వాళ్లు కనిపించడమే ఆలస్యం, మా పిల్ల ఠక్కున లేచి చేతులు కట్టుకుని నిలబడింది. టీచరు కనిపిస్తే నిలబడాలి కదా. అవతలి వాళ్లకు మా పిల్ల గౌను నడుము తప్ప ముఖం కనిపించలేదు. కూర్చో అని వాళ్లంటారు, మీరు కూర్చోండి అని ఇది అంటుంది. చివరికి నేనే చెయ్యి పట్టి లాగి కూర్చోబెట్టాను. అక్కడి నుంచి బాగానే జరిగింది. ఇంగ్లీషు తడబడకుండా మాట్లాడింది. లెక్కలంటే ఇష్టమంది. నా గుండె పొంగింది.

చివర్లో ప్రిన్సిపాల్ వెనక గోడకు ఆనుకుని కూర్చున్న మామగారిని చూసి, "తాతగారు ఏమైనా చెబుతారా?" అంది మర్యాదగా. ఆయన అందుకోసమే పొద్దున్నుంచీ ఎదురుచూస్తున్నాడు. చొక్కా సర్దుకుని ముందుకు వచ్చాడు. రెండు చేతులూ జోడించాడు.

"తల్లీ, బిడ్డను మీ చేతుల్లో పెడతాండాం. కండ్లు రెండూ ఇడ్సిపెట్టి తోలు ఒలిచేయండి. మేం యాడా అడగము."

తెలుగు రాని వాళ్లు గనక ఏదో దీవెన అనుకుని వదిలేసేవాళ్లే. కానీ మా ఆయనకు అప్పటికే చెమటలు పడుతున్నాయి. పెద్దాయన మాట చెప్పకపోతే బాగుండదనుకున్నాడో ఏమో, ముఖాన నవ్వు పులుముకుని ఒక్క ముక్క వదలకుండా ఇంగ్లీషులో అప్పజెప్పేశాడు. కళ్లు రెండూ వదిలిపెట్టండి, చర్మం మొత్తం ఒలిచేయండి, మేము ఎక్కడా ఫిర్యాదు చేయం. నేను కాలితో తొక్కేలోపే అయిపోయింది.

ఫోన్లో నవ్వులు ఆగిపోయాయి. ప్రిన్సిపాల్ పక్కావిడ వైపు చూసింది. ఆ టీచరమ్మ ముందుకు వంగి, గొంతు పెంచకుండానే అంది, ఇట్లాంటి మాట విన్నప్పుడు పిల్లతో ఒంటరిగా మాట్లాడటం మా బడి నియమం, రేపు ఇదే వేళకు మాట్లాడతాను, తలుపు వేసిన గదిలో ఆమె ఒక్కతే ఉండాలి, సీటు విషయం ఆ తర్వాతే.

ఫోన్ ఆగిందో లేదో మా ఆయన తండ్రి మీద విరుచుకుపడ్డాడు. "నిన్నెవరు నోరు తెరవమన్నారు నాయనా? మనం పిల్లను కొట్టి చంపే రకం అనుకుంటాండారు వాళ్లు!"

"నేను తెలుగులో అన్నా గదప్పా. ఇంగిలీషులో చెప్పమని నిన్నెవరన్నారు?" అన్నాడు మామ.

నాకు నవ్వు ఆగలేదు. ఆ వేళకు తగని నవ్వే, ఏం చేయను. కానీ మామ నవ్వలేదు. తెల్లచొక్కా విప్పి దండెం మీద వేసి వసారాలోకి పోయి కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. నేను కంచంలో పెట్టుకుని వెళ్లాను. పక్కన పెట్టించుకున్నాడు గానీ ముట్టలేదు.

"నేనేం తప్పు మాట్లాడినామా? నా బిడ్డల మీద ఒక్కనాడు చెయ్యెత్తింటే చెప్పు. మీ ఆయన్నే అడుగు."

"నాకు తెలుసు మామా. వాళ్లకు తెలీదు గదా."

"పిల్లను ఇంకొకరి చేతిలో పెట్టి ఊరికే లేసి రావాలంటే మనసొప్పదు. ఏదో ఒక మాట అనాల. పెద్ద మాట అనాల. మాకంటే మిమ్మల్నే ఎక్కువ నమ్మినాం అని అయ్యవారికి తెల్సాల. అందుకే ఆ మాట. ఆ మాట అన్న రోజు ఇంటికొచ్చి నేను కూడు తిన్లేదు, తెల్సునా? నీ మొగున్ని బడిలో ఇడిసిన రోజు సందేళ దాకా ఆ బడి గోడ ఎనకాల్నే నిలబడింటి, అయ్యవారు యాడ కొడతాడోనని."

ఆ ముసలాయన మీద నాకు ఎప్పుడూ లేనంత ప్రేమ కలిగింది. అంతవరకు ఆయన సంఘ పెద్ద, నేను కోడలిని, ఆయన ముందు కొంగు సర్దుకుని మాట్లాడటమే. ఆ రోజు మాత్రం పక్కనే కూర్చుని, తినేదాకా లేవనని మొండికేసి కూర్చున్నాను. తిన్నాడు.

మర్నాడు గొళ్లెం ఉన్న గది కోసం ఇల్లంతా వెతికితే పసుపు బస్తాలు వేసిన గది ఒక్కటే దొరికింది. పిల్లను ఫోన్ ఇచ్చి లోపలికి పంపాం. మా ఆయన వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. మామ చర్చి వైపు పోయాడు, ప్రార్థనకో, మా ముఖాలు చూడలేకో. నేను తలుపు దగ్గరే కూర్చుని చింతపండు గింజలు తీశాను. చెవి తలుపుకే ఉంది, ఒక్క మాటా వినపడలేదు. ఒకసారి మాత్రం పిల్ల పకపకా నవ్వింది.

బయటికి వచ్చింది. ఒళ్లంతా పసుపు వాసన.

"ఏమడిగిందే?"

"ఊరికే."

"ఊరికే అంటే?"

"ఊరికే మా" అని తమ్ముడి వెనక పోయింది.

ఆ టీచరమ్మ తర్వాతి రోజు నాకే ఫోన్ చేసింది. పిల్ల చెప్పమన్న మేరకే చెబుతున్నానంది. మొదట తాతగారి సంగతి. ఆయన మాటకు అర్థమేమిటని అడిగితే మా పిల్ల నవ్వి, "మా జేజినాయనకు నన్ను వదిలిపెట్టాలంటే భయం. భయమేసినప్పుడే ఆ మాట అంటాడు" అందట. తమకు ఏ అనుమానమూ లేదనీ, సీటు ఖాయమనీ, తాతగారిని నొప్పించి ఉంటే మన్నించమనీ అంది. నేను థాంక్స్ చెప్పబోతుంటే ఆపింది.

"ఇంకొకటి అడిగాను. నీకు ఎట్లాంటి బడి కావాలి అని. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, మీ బడి నుంచి సాయంత్రం ఇంటికి పోవచ్చా అని అడిగింది. మీరుండబోయే ఊరు దూరం కాబట్టి కుదరదు, ఇక్కడే ఉండాలి అన్నాను. సరేనండీ అంది. ఇంక ఏమీ అడగలేదు. మా బడి మంచిదేనమ్మా. కానీ ఆ గని ఊళ్లోనే ఉన్న బడిని ఒకసారి చూడండి."

తన బడికి వచ్చే పిల్లను వేరే బడికి పంపమని చెప్పే మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. నేను పనిచేసే చోట అట్లా చెబితే ఆ సాయంత్రమే లెక్క తేల్చి పంపేస్తారు. ఆమె మీద గౌరవం కలిగింది. కూతురి మీద మాత్రం ఒళ్లు మండింది. కన్నది నేను, పోట్లాడింది నేను, కూర మాడబెట్టింది నేను. నాకు "మీ ఇష్టం", ముక్కూ ముఖం తెలియని మనిషికి మనసులో మాటా? రెండు రోజులు దానితో సరిగా మాట్లాడలేదు. అది కూడా ఏమీ అడగలేదు, అలవాటైనట్టు.

ఏ బడిలో చేరినా కడప హాస్టల్ నుంచి సామాను తేవాలి. ఇద్దరం మైదుకూరులో బస్సెక్కి వెళ్లాం. సెలవులు కాబట్టి హాస్టల్లో ఎవరూ లేరు. పొడుగాటి గదిలో రెండు వరసలు ఇనుప మంచాలు, ఒకదాని మీద ఒకటి. పరుపులు చుట్టేసి ఉన్నాయి. తన మంచం చూపించింది, పైది, ఫ్యాన్‌కు దగ్గర. పెట్టెలో బట్టలు మడిచి పెడుతుంటే ఇంక ఉండబట్టలేక అడిగేశాను.

"ఈడ నీకేమన్నా కష్టమా? ఎవరన్నా ఏమన్నా అన్యారా? నాకెందుకు చెప్పలేదు?"

"కష్టమేం లేదుమా. బాగనే ఉండాది."

"మరి ఆమెతో అట్లెందుకన్నావు?"

చేతిలో ఉన్న చున్నీని మడిచింది, విప్పి మళ్లీ మడిచింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. లెక్క చెప్పినంత నిదానంగా చెప్పింది.

"ఈడ సాయంత్రమైతే బడి అయిపోదుమా. గంట కొడతారు, టిఫిన్ పెడతారు, మళ్ల స్టడీ అవర్ అని అదే గదిలో కూచోబెడతారు. అదే సార్లు, అదే పిల్లోళ్లు. ఈ పొద్దు ఇట్ల జరిగింది అని చెప్పేదానికి ఎవరూ ఉండరు. అందరికీ అదే జరిగింటాది గదా."

నా హాస్టల్ గుర్తొచ్చింది. మాకూ అంతే. కానీ ఆ రోజుల్లో నేను ఇంటికి పోయి చెబుదామన్నా ఇంటికి తాళం ఉండేది. మా అమ్మ గుంటూరు చేలల్లో ఉండేది. ఈ పిల్లకు ఇల్లు తెరిచే ఉంది. పొయ్యి వెలుగుతూనే ఉంది, నేను అక్కడే ఉన్నాను. ఆకలి తీర్చడానికి మా అమ్మ నన్ను పంపింది. దీన్ని నేను పంపింది దేనికి? నాకు ఏడుపొచ్చింది. పిల్ల ముందు ఆపుకోలేదు. అది బిత్తరపోయి, "మీ ఇష్టం మా, పెద్ద బడైనా పోతా, ఏడ్వొద్దు" అంది. ఆ మాటకు ఇంకా ఎక్కువ ఏడ్చాను.

ఆ సాయంత్రం మా ఆయనతో చెప్పాను. ఎప్పటిలా గొడవ పెట్టుకోలేదు, పిల్ల అన్న మాట అన్నట్టే చెప్పాను. "రేకుల బడి గదనే. చుట్టాలు నవ్వుతారు" అన్నాడు ఆయన. "నవ్వనీ" అన్నాను. "పది అయినాంక?" "పది అయినాంక చూద్దాం." ఆయన గట్టిగా ఊపిరి వదిలి, "నేనూ షిఫ్టు దిగి ఇంటికొచ్చినాకే గదా మాట్లాడేది" అన్నాడు. అంతే. పెద్ద బడికి వద్దని మర్యాదగా చెప్పేశాం.

చుట్టాలు నవ్వారు. ఇంత దూరం పోయి రేకుల కింద కూచోబెట్టేదానికా అన్నారు. నా నోరు తెలిసినవాళ్లు గనక నా వెనకే అన్నారు.

ఇప్పుడు మేం ఆ గని ఊళ్లో ఉన్నాం. ఇక్కడి మట్టి కూడా ఎర్రగానే ఉంటుంది, వాన మాత్రం మా వైపు లాగా బెట్టు చేయదు. బడి మొదలైన రోజు మధ్యాహ్నం నుంచే నేను మా ఇంటి గేటు దగ్గర తచ్చాడాను. ముందు చిన్నవాడు పరిగెత్తుకొచ్చాడు, బంతి ఉందట. వెనకే పెద్దది వచ్చింది. చెప్పులు ఒక మూలకు, సంచి ఒక మూలకు విసిరేసి వంటింటి గడప మీద కూలబడింది.

"అమ్మా, ఈ బడి ఏం బాగలేదు."

"ఏమైంది?"

"లెక్కలు నేను ఆరో క్లాసులో చేసినవి చెప్తాండారు. టీచర్ను పేరు పెట్టి పిలవాలంట, నాకు నోరే రాలేదు. నిలబడితే ఎందుకు నిలబడినావంటారు. ఒకబ్బి నా పేరు పలకలేక మూడు రకాలుగా పిలిచినాడు. అన్నం డబ్బా తీస్తే అందరూ చుట్టూ చేరి వాసన చూసినారు, ఒకపిల్ల మామిడికాయ ఊరగాయ తిని కండ్లనీళ్లు పెట్టుకుని మళ్ల అడిగింది. ఆటల్లో నన్ను గోల్ కాడ నిలబెట్టినారు, బంతి వచ్చి ఈడ తగిలింది, చూడు. ఆ రేకుల మీద వాన పడితే టీచర్ చెప్పేది ఒక్క ముక్క ఇనపడదు, వాన ఆగేదాకా అందరూ ఊరికే కూచోవాలంట, ఇదేం బడి మా..."

ఆగకుండా చెబుతూనే ఉంది. కడపలో ఉన్నన్నాళ్లూ ఆదివారాలన్నీ కలిపినా ఆమె నాతో ఇన్ని మాటలు మాట్లాడలేదు. షిఫ్టు నుంచి వచ్చిన మా ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు. కాసేపు విని, నా వైపు తిరిగి, "ఇంత గొణుగుతా ఉండాది, బడి మార్చాల్నా ఏంది?" అన్నాడు కంగారుగా.

ఊరుకొమ్మని చెయ్యి చూపించాను. పొయ్యి మీద అన్నం పొంగింది. మంట తగ్గించడానికి అటు తిరిగాను. వెనక నుంచి మాట ఆగింది.

"అమ్మా, ఇంటాండావా?"

"ఇంటాండా" అన్నాను. "చెప్పు."